జీవించి ఉన్నవారిని పలకరించిన తూర్‌దిస్ మేలాండ్ గారికి

1979 ఆగస్టు 13వ తేదీన, బెర్గెన్ వానలో తడిసిన గొడుగుతో మా విజ్ఞాన సర్వస్వ కార్యాలయంలో అడుగుపెట్టి, ప్రముఖుల జీవిత విభాగంలో సహాయ సంపాదకురాలిగా చేరిన తూర్‌దిస్ మేలాండ్ గారు, నాలుగు దశాబ్దాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నారు.

తొలినాళ్ళలో వారికి అప్పగించిన పని చూడటానికి స్వల్పం: ప్రముఖులెవరైనా కాలం చేస్తే జనన సంవత్సరం పక్కన మరణ సంవత్సరం చేర్చడం. ఒకసారి పత్రికలో సంతాప ప్రకటన చూసి, ఓడలకు పొగమంచులో దారి చెప్పే కూతయంత్రాన్ని రూపొందించిన సిగ్వర్ట్ హామ్రె గారి పేరు పక్కన ఆ సంవత్సరం వేసేశారు. హామ్రె అన్నది ఆయన ఉండే దీవిలో ఒక పొలం పేరు. ఆ పొలంలో పుట్టినవారందరికీ అదే ఇంటిపేరు. పోయినది అదే పేరున్న ఆయన బాబాయి. పుస్తకం వెలువడిన వారానికే ఫోను మోగింది.

"ఏమమ్మా, నేను పోయానట కదా! మరి పొద్దున్నుంచీ ఈ బంగాళదుంపలు తవ్వుతున్నదెవరు?"

"క్షమించండి సార్, పొరపాటు నాదే."

"ఫోనులో క్షమాపణలు చెల్లవు. పడవెక్కి రా. శవాన్ని కళ్ళారా చూసి, మా ఇంటి వాఫిల్ అట్లు తిని వెళ్ళు."

వెళ్ళారు, తిన్నారు. నాటినుండి మన గ్రంథంలో పేరుండి జీవించి ఉన్న వృద్ధులందరికీ ఏటా స్వయంగా ఫోను చేసి కుశలమడగడం వారు నియమంగా పెట్టుకున్నారు.

తదుపరి వారు విభాగాధిపతి అయ్యారు. అచ్చు ఆగిపోయింది, గ్రంథం కంప్యూటరు తెరమీదికి వెళ్ళింది, సహచరులు ఒక్కొక్కరే నిష్క్రమించగా ఆ పెద్ద గదిలో వారొక్కరే మిగిలారు. ఇకపై మరణ సంవత్సరాలను యంత్రమే సేకరిస్తుంది. తన బల్లమీది ఫోను నంబరును ఇంటికి మార్చమని వారు కోరితే, యాజమాన్యం మర్యాదగానే కుదరదంది. మర్యాదగా అన్నంత మాత్రాన నా ఒళ్ళు మండకుండా ఉండలేదు.

పోయిన వారం గోడవతల వారి మాటలు వినిపించాయి. ఫోనులో అటువైపు ఎవరో వృద్ధ నర్తకి.

"అవునండీ, ఇదే ఆఖరు... అయ్యో, అలా అనకండి. మా ఇంటి నంబరు రాసుకోండి. మీరే చెయ్యండి. ఎప్పుడైనా సరే, నేను ఇంట్లోనే ఉంటాను."

ఎన్నో ఏళ్ళుగా పక్కపక్క గదుల్లో పనిచేసి, కలిసి కాఫీ తాగినా, ఒకరి ఇంటి గడప ఒకరం తొక్కలేదు. మన ఊళ్ళో అది గౌరవమే, కానీ ఆ రోజు నాకది చాలా చలిగా తోచింది. తలుపు తట్టి, ఆ నంబరు నాకూ ఇమ్మన్నాను.

"మన పుస్తకంలో పేరున్నవాళ్ళకే ఇస్తున్నాను హాల్వర్డ్! మీరింకా ఎక్కలేదుగా?" అని నవ్వారు. తర్వాత నంబరు చెప్పి, మెల్లగా అన్నారు: "ఆదివారాలు చెయ్యండి. మిగతా రోజులు ఎలాగో గడిచిపోతాయి."

తూర్‌దిస్ గారూ, మీకు సంపూర్ణ ఆరోగ్యమూ, సుదీర్ఘమైన ఆయుష్షూ, ఎన్నెన్నో ఆదివారాలూ ప్రాప్తించాలని హృదయపూర్వకంగా కోరుకుంటున్నాను. భోజనాలయ్యాక ఫోను చేస్తాను.

— హాల్వర్డ్ నెస్, భూగోళ విభాగం