సింగపూర్ ఇంటికి గురునాథం కట్టిన పన్ను

పోర్టులో క్రేన్ తోలి రిటైరైన గురునాథరావు నెల కిందట ఫిషింగ్ హార్బర్ ముందు చిట్టమ్మ టీకొట్టులో ఒక కోత కోశాడు. సింగపూర్‌లో సముద్రం కనిపించే ఫ్లాటు కొన్నానన్నాడు. పరదేశీవాడికి అక్కడ పైసా పన్ను లేదనీ, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి కొబ్బరినీళ్లిచ్చారనీ చెప్పాడు. అందరూ నవ్వుకుని ఎవరి పని మీద వాళ్లు పోయారు, ఒక్క నాగబాబు తప్ప. ఆ నాగబాబే ఇవాళ ఇంజను తాళం చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. తండ్రి నాటి బోటు అమ్మేసి, ఆ డబ్బు దువ్వాడలో ఒక బ్రోకరుకి సింగపూర్ ఫ్లాటు అడ్వాన్సుగా ఇచ్చేస్తాడట. బోటు కొనేవాడు దారిలో ఉన్నాడు.

గురునాథరావు గుండెలో రాయి పడింది. ఫ్లాటు గురించి నాగబాబు అదేపనిగా అడుగుతుంటే, మొన్ననే ఒక షిప్పింగ్ ఆఫీసు గుమాస్తా దగ్గర అసలు సంగతి కనుక్కున్నాడు. అబద్ధమాడాన్రా అని ఒక్క ముక్క అంటే సరిపోతుంది. కానీ పదిమంది ముందు ఆ ముక్క అనడానికి నోరు రావాలి కదా!

"ఆగరా నాగబాబూ, నాను ఆ రోజు సగమే సెప్పాను. తాళాలు సేతికిచ్చీసినాక ఏటయిందో తెల్సా? ఓ ఆపీసరొచ్చాడు. అయ్యా, మీరు పరదేశీవోరు, ఇంటి ధర మీద నూటికి అరవై పన్ను కట్టాల, అన్నాడు. మామూలు స్టాంపు డ్యూటీ వేరే. లాయరు ఫీజు వేరే!"

చేపల వేలం పాడే ఎల్లారావు టీగ్లాసు దించాడు. "గురునాథం బావ మాట సగానికి కోసి వినాల. అంటే ముప్పై."

"ముప్పయ్యయితే ఏదోలా కట్టీగలను," అన్నాడు నాగబాబు ధీమాగా.

పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెబితే దాన్నీ కోసేశారు! గురునాథరావుకి ఒళ్లు మండింది. సగం కోస్తారా, అయితే రెట్టింపు చేసి చెబుతానుండు అనుకున్నాడు.

"మీరు బయపడతారని తగ్గించి సెప్పాన్రా. అసలుది నూట ఇరవై! అంటే నాకో ఇల్లు, గవర్నమెంటుకో ఇల్లు, పైన ఓ వంటగది!"

నాగబాబు పగలబడి నవ్వాడు. "ఇంటికన్నా పన్నెక్కువుంటాదేటి బావా!"

నాగబాబు నమ్మడం లేదని తెలిసినా గురునాథరావు నోరు ఆగలేదు. "నవ్వకు! కిటికీ తీస్తే సముద్రప్పన్ను. నాను ఎన్ని కెరటాలు సూసానో లెక్కెట్టడానికి ఓ మనిసి, ఆడి జీతమూ నానే. నా నీడకి పన్ను, పొద్దున్న నీడ పొడుగ్గా ఉంటాది గాబట్టి డబుల్. ఆ తర్వాత ఏటయిందో తెల్సా? తుమ్మాను. పరదేశీ తుమ్మని దిగుమతి సుంకమేసీసారు! పడలేక, ఇంటికి తాడు కట్టి సముద్రమ్మీద లాక్కొచ్చీదామని బయల్దేరితే, నీటిమీద తేలీదేదైనా ఓడేనని రేవు పన్నడిగారు!"

కొట్టంతా నవ్వులు. అంతలో మోటారుసైకిలు వచ్చి ఆగింది. కొనేవాడు దిగాడు. నాగబాబు కళ్లు తుడుచుకుంటూ లేచి, "నీ కోతలకో దండం బావా, పన్నూ నేదు గిన్నూ నేదు," అంటూ తాళం చాపాడు.

టీ వడపోస్తున్న చిట్టమ్మ తలెత్తింది.

"గురునాథం, ఆ ఇల్లు కొనడానికి ఎప్పుడెల్లావు?"

"అదీ... మొన్న..."

"ఇరవై రెండేళ్లుగా ఈ పొయ్యెలిగిత్తన్నాను. ఒక్క పొద్దు నువ్వు నా టీ మానీనేదు. మీ ఆవిడ పోయిన్నాడు కూడా ఇక్కడికొచ్చే ఏడిసావు. మరి సింగపూరెప్పుడెల్లావు?"

ఎవరూ నవ్వలేదు. నాగబాబు చెయ్యి తాళంతో అలాగే ఉండిపోయింది. "ఎల్లావా నేదా బావా?"

ఇంకో కోత నాలుక చివరిదాకా వచ్చింది. గురునాథరావు దాన్ని కష్టమ్మీద మింగాడు. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాడు.

"ఎల్నేదు. తుని దాకా రైల్లో ఎల్లి సాయంత్రానికి తిరిగొచ్చీడమే నా పరదేశం. ఇల్లూ నేదు, కొబ్బరినీళ్లూ నేవు. ఆ నూటికి అరవై ఒక్కటే నిజం. బోటు అమ్మకురా."

నాగబాబు గుప్పిట మూశాడు. "బోటు అమ్మను, ఎల్లిపోండి," అని కొనేవాడితో చెప్పాడు. ఆ మనిషి గొణుక్కుంటూ బండి తిప్పుకున్నాడు. అప్పుడు నాగబాబు గురునాథరావు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"తాళం ఇచ్చీసుంటే, రేపు నా పిల్లల మొకం సూసి ఏ కత సెప్పీవోడివి బావా?"