రాకుమారుడు దూకిన చోటు

కోట చివరి బురుజు దగ్గర యాత్రికులు ఫోటోలు తీసుకుని జీపుల వైపు వెళ్లిపోయారు. గైడు వెనక్కి తిరిగేసరికి, లోయ అంచున ఇనప కమ్మీ పట్టుకుని అతని అక్క నిలబడి ఉంది.

“ఎప్పుడొచ్చావక్కా?”

“గుంపులోనే ఉన్నానురా. అంతా విన్నాను. ఇక్కణ్ణుంచి రాకుమారుడు దూకాడా?”

“ఊరికే చెప్పే కథక్కా అది.”

“ఈ కమ్మీలు బిగిస్తూనే కదరా మీ బావ పడిపోయింది.”

“ఇక్కడెవరో పడి చచ్చిపోయారని జనం కింద ఊళ్లోనే విని వస్తారక్కా. ఎవరని అడుగుతారు. వెల్డింగ్ పనివాడు కాలు జారాడంటే, ఓహో అని వెళ్లిపోతారు.”

“అందుకని ప్రేమ కోసం దూకించావు.”

“తప్పేనక్కా.”

“ఎవరి కోసం దూకాడన్నావు? నర్తకి కోసమా?”

“నర్తకి కోసమనే అన్నానక్కా.”

“నన్ను తప్ప ఇంకో ఆడదాన్ని కన్నెత్తి చూడని మనిషి. పోయాక ఆయనకి ఆటగత్తెని అంటగట్టావా!”

“నీ కాళ్లు పట్టుకుంటానక్కా. ఇంకెప్పుడూ చెప్పను.”

“చెప్పవూ? అదిగో, ఇంకో జీపు వచ్చింది.”

జీపు దిగినావిడ దూరం నుంచే కేకేసింది. “గైడు గారూ, ఆ ప్రేమికుడు దూకింది ఇక్కడేనా?”

గైడు అక్క వైపు చూశాడు.

“నన్నేం చూస్తావురా? నీ పొట్టకూడు అది. నా ఎదురుగా నోరు పెగలదంటే చెప్పు, అవతలికి పోతాను.”

ఆమె బురుజు మలుపు తిరిగేదాకా గైడు ఆగాడు.

“ఇక్కడేనండీ,” అన్నాడు.