తాగనోడికి విడుదల

సైనిక్‌పురిలో, రిటైరైన నర్సు ప్రిసిల్లా ఇంటి వరండా. ఆదివారం ఆరాధన ముగిసి గంటైనా కాకముందే దేవమ్మ వచ్చిపడింది, కాళ్ల చెప్పులు కూడా విప్పలేదు.

"కూసోను. మీ ఇంట్ల కూసోనీకి రాలేదు నేను."

"సరే, నిలబడే చెప్పు దేవమ్మా. కాస్త మెల్లగా. పక్కింటి కల్నల్ గారు పడుకునే వేళ."

"ఇననియ్యుండ్రి. రెండు వందల మంది ముంగట నా మొగుణ్ణి నిలవెట్టి చప్పట్లు కొట్టిచ్చినప్పుడు రాని సిగ్గు, కల్నల్ సారుకు ఇనవడితే వచ్చిందా?"

"సిగ్గుపడే పని ఏం జరిగిందని? నీ కూతురు దేవుని సన్నిధిలో సాక్ష్యం చెప్పింది. వాళ్ల నాన్నకి తాగుడు నుంచి విడుదల దొరికిందని చెప్పింది. జనం సంతోషించి చప్పట్లు కొట్టారు."

"'మా నాన్న రోజూ తాగి వచ్చి అమ్మను కొట్టేవాడు.' గిదే గదా నా వసుధ సదివింది? గది మా ఇంటి మాట కాదు. ఎవరు రాసిచ్చిండ్రు ఆ కాగితం?"

"నేనే రాశాను. మైకు ముందు తడబడుతుందని రాసిచ్చాను. అయితే?"

"అయితేనా? ఎన్నడు తాగిండమ్మా మా ఆయన? ఎన్నడు కొట్టిండు నన్ను? మీరు చూసిండ్రా?"

"చూడక్కర్లేదు. ఆగు, ఈ బైబిల్లోనే ఉంది. ఇదిగో. ఏడేళ్ల కిందట వసుధ చదువు ఖర్చు నాకు అప్పగించిన రోజు చర్చి వాళ్లిచ్చిన కార్డు. ఫొటో కింద ఏముందో చదువుకో."

"నాకు సదువొస్తే మీ గడప ఎందుకెక్కుత?"

"అయితే విను. తండ్రి రాములు, రంగుల పని, తాగుబోతు. తల్లి దేవమ్మ, ఇళ్లల్లో పని. చాలా?"

"తాగుబోతు అని ఉన్నదా అండ్ల?"

"అచ్చంగా అదే మాట."

"రాసినోని చెయ్యి పడిపోను. మూడంతస్తుల బిల్డింగుకు తాడు కట్టుకొని రంగులేస్తడమ్మా ఆయన. తాగేటోడు ఎక్కుతడా? ఎక్కితే దిగుతడా? బోనాలప్పుడు మా అన్నదమ్ములు కల్లు లోటా నోటి కాడికి తెచ్చినా మొగం తిప్పుకుంటడు. కొత్త పెండ్లికూతురు లెక్క చేస్తడని మావోళ్లందరు నవ్వుతరు. గసొంటోనికి తాగుబోతని పేరు పెట్టిండ్రు."

"పేరు నేను పెట్టలేదు. కార్డులో ఉన్నది నమ్మాను. నమ్మి ఏం చేశానో తెలుసా నీకు? ఏడేళ్లు దేవమ్మా. ప్రతి శుక్రవారం పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉన్నాను. నీ మొగుడి పేరు పెట్టి ప్రార్థన చేశాను. షుగరొచ్చింది, కళ్లు తిరిగి బాత్రూములో పడ్డాను. అయినా మానలేదు."

"ఎవరు ఉండుమన్నరు?"

"ఎవరూ అనలేదు. నా అంతట నేనే..."

"తాగనోని కోసం మీరు కడుపు మాడ్చుకొని, అది నా నెత్తిన వేస్తరేంది?"

"తాగనివాడైతే నాతో అలా ఎందుకన్నాడు మరి? ఈస్టరుకి చర్చికి రంగులేయడానికి వచ్చాడు కదా. పది రోజులు కనిపెట్టి చూశాను. వాసన లేదు, తూలడం లేదు. దగ్గరికెళ్లి, తాగుడు మానేశావా రాములూ అని అడిగాను. తల దించుకుని, మానేసినమ్మా అన్నాడు. ఇంటికొచ్చి మోకాళ్ల మీద పడి ఏడ్చాను, ఇన్నాళ్లకి దేవుడు నా మొర విన్నాడని."

"పెద్దోళ్లు ఏమడిగినా తలూపుతడు. కాదనుడు రాదు ఆయనకు, గంతే. ఇయ్యాల సుత లేసి నిలవడుమంటే నిలవడ్డడు, చేతులు జోడించుమంటే జోడించిండు. ఒక్కటి అడుగుత చెప్పుండ్రి. అంత మంది పిల్లలల్ల నా బిడ్డనే ఎందుకు తీసుకున్నరు మీరు?"

"టేబుల్ మీద ముప్పై కార్డులు పరిచారు. ఆసుపత్రిలో నా ఉద్యోగమంతా క్యాజువాలిటీలోనే గడిచింది. తాగొచ్చిన మొగుళ్లు పగలగొట్టిన తలలకి ఎన్ని కుట్లు వేశానో నాకే తెలియదు. ఆ ఒక్క మాట కంటబడింది. ఇంకో కార్డు చూడలేదు."

"ఆ మాట లేకపోతే?"

"ఇప్పుడదెందుకు?"

"లేకపోతే తీసుకోకపోదురు గదా."

"తీసుకోకపోదును. ఉన్నమాటే చెబుతున్నా."

"అంటే మొగుడు మంచోడైతే మేము బీదోళ్లం కామా? మీ దేవునికి తాగుబోతు ఇల్లే కనవడతదా?"

"దేవుణ్ణి మధ్యలోకి లాగకు. తప్పు నాదైతే నన్ను తిట్టు."

"మిమ్మల్నే తిడుతున్న. వచ్చే ఆదివారం గదే మైకు పట్టుకొని చెప్పుండ్రి. రాములు ఎన్నడూ తాగలేదు, నేనే అబద్ధం చెప్పిచ్చిన అని. ఇంకేం వద్దు నాకు."

"చెబుతాను. చెప్పడానికి నాకేం భయం లేదు. కానీ చెప్పగానే ఏమడుగుతారో తెలుసా? కార్డులో అబద్ధం ఎవరు రాయించారని అడుగుతారు. పిల్లల లిస్టు చూసేది ఆషర్ గారు. ఆయన సంగతి నీకు తెలియదు, మరుక్షణం పేరు కొట్టేస్తాడు. నేనిచ్చేది పుస్తకాలకీ బట్టలకీ. బడిలో సీటు మాత్రం ఆ లిస్టులో ఉన్నంత కాలమే. ఆ ఫీజు నా పింఛనుతో అయ్యే పని కాదు. తొమ్మిదో తరగతి పిల్ల, లెక్కల్లో క్లాసు ఫస్టు. ఆలోచించి మాట్లాడు."

"కొట్టెయ్యనియ్యుండ్రి. సర్కారు బడి లేదా? మొగుని పరువు అమ్ముకొని సదివియ్యాల్నా బిడ్డను?"

"అదిగో, నీ మొగుడే వస్తున్నాడు. ఆయన్నే అడుగుదాం. రా రాములూ, లోపలికి రా."

"వందనాలమ్మా. దేవమ్మా, పోరిని కొట్టినవా? ఇంట్ల ఏడుస్తున్నది."

"కొట్టిన. అసొంటి మాట ఎట్ల సదివినవే అని అడిగితే, నాయిననే సదువుమన్నడు అని అబద్ధమాడింది."

"అబద్ధం కాదు. నేనే సదువుమన్న."

"ఏందీ?"

"గా కార్డుల సుత నేనే రాయిచ్చిన."

"రాములూ, ఏమంటున్నావు నువ్వు?"

"నిజమే అమ్మా. పిల్లల పేర్లు రాసుకునే దినం ఈమె పనికి పోయింది, వసుధను పట్టుకొని నేనే పోయిన. ఇంత పొడుగు లైను. రాసుకునే సారు అడిగిండు. తండ్రి ఉన్నడా అంటే ఉన్నడన్న. పని చేస్తడా అంటే చేస్తడన్న. తాగుతడా అంటే తాగడన్న. కాగితం పక్కకు పెట్టి, ఇంకొకరు రాండ్రి అన్నడు. నేను జరగలే. తాగుత సారూ అన్న. రోజూ తాగుత, పెండ్లాన్ని కొడుత అన్న. అప్పుడు కాగితం మళ్ల చేతిలకు తీసుకున్నడు."

"నీ నోట్ల మన్నువడ. ఏడేండ్ల సంది నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పోయి చింపేసి వస్తుంటివి."

"చింపేస్తుంటి. వంద మాట్ల చింపేస్తుంటి."

"అసలైతే తండ్రి సచ్చిండు, నేను చిన్నాయినను అని చెప్దామనుకున్న ముందుగాల. గాని పిల్ల నా వేలు పట్టుకొని నాయినా, నాయినా అనవట్టె."

"ఏమైనా సిగ్గుందా నీకు? ఆడదాన్ని, నా మోకాళ్లు అరిగేదాకా లేని తాగుడు కోసం దేవుడి ముందు ఏడ్పించావు. మానేశావా అని నేనడిగినప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా."

"మీరు నా కోసం పస్తులున్నరని నాకు ఇయ్యాల మైకులనే ఎరుకైందమ్మా. తప్పే."

"తప్పే అంటే సరిపోయిందా? ఇప్పుడు క్షమాపణ అడగడానికి వచ్చావా?"

"కాదమ్మా. ఇంకో పని మీద వచ్చిన. ఆషర్ సారు చర్చి గేటు కాడ నా రెండు చేతులు పట్టుకున్నడు. తండ్రి బాగుపడ్డడు కాబట్టి ఇంక మీ ఇంటికి మా సాయం అక్కర లేదు, వచ్చే జూన్ల వసుధ పేరు తీసి ఇంకో తాగుబోతు బిడ్డకు ఇస్తం, దేవునికి స్తోత్రం అన్నడు."

"అలా అన్నాడా? నాకు తెలియదు రాములూ. ఈ సాక్ష్యంతో ఇంత దూరం వస్తుందని నిజంగా నాకు..."

"తీయనియ్యి. నేను చెప్పలేదా, తీయనియ్యి."

"నువ్వు జెర ఊకో దేవమ్మా. అమ్మా, మీ మాటైతే ఆయన ఇంటడు. రాములు మళ్ల తాగుడు షురూ చేసిండని చెప్పుండ్రి."