గేటు దాటకముందు

రిబ్బను కట్టిన కొత్త కారు పక్కన నిలబడి, షోరూం సేల్స్‌మన్ తాళాలను పిడికిట్లోనే బిగించుకున్నాడు. కొన్నది సొంత బావమరిది.

"ఇవ్వు బావా. మొదట అక్కనే ఎక్కిస్తానని మాటిచ్చాను."

"వాయిదా ఎంతో మళ్ళీ ఓసారి చూసుకున్నావా?"

"జీతంలో సగం. ఏడేళ్ళు. కళ్ళు మూసుకుని తీసుకోమన్నది నువ్వేగా?"

"అన్నాను. గేటు దాటిన మరుక్షణం దీని ధర పడిపోతుందని మాత్రం చెప్పలేదు."

"అదేంటి?"

"నువ్వు సంతకం పెట్టింది నెలాఖరున. ఆ రోజు నా టార్గెట్‌కి ఒక్క బండి తక్కువైందిరా."

బావమరిది నవ్వేశాడు. "పోనీలే, నీ ఉద్యోగం నిలబడింది కదా. నువ్వేమన్నా పరాయివాడివా?"

తిట్టినా బాగుండేదనిపించింది సేల్స్‌మన్‌కి.

"ఇంకా గేటు దాటలేదు. ఊఁ అను, ఇప్పుడే రద్దు చేయిస్తాను. అడ్వాన్సులో ఏం పోయినా నేను పెట్టుకుంటాను."

బావమరిది నవ్వు ఆగిపోయింది. అద్దంలోంచి బయట ఎండలో ఉన్న బావ పాత స్కూటర్ వైపు చూశాడు.

"ఇన్నేళ్ళుగా ఇవే అమ్ముతున్నావు. మరి నువ్వెందుకు కొనలేదు బావా?"

సేల్స్‌మన్ పిడికిలి విప్పాడు. తాళాలు చెమటతో తడిసి ఉన్నాయి.

"కళ్ళు మూసుకుని నమ్మడానికి నాకు బావలెవరూ లేరురా."