కడవకాడ వంతు

అది 1959 జూన్ నెల. కళ్యాణదుర్గం పక్క పల్లెలోని చిన్న లూథరన్ మిషన్ బడిలో, కూతుర్ని చేర్పించడానికి వచ్చిన రైతు రిజిస్టరులో వేలిముద్ర వేయబోతుంటే పంతులు ఆపాడు.

“ఆగన్నా. ముందు ఒక సంగతి తెలుసుకో. ఈడ పిల్లోల్లందరికీ తాగేదానికి ఒకటే కడవ. దినానికొకరు వంతు ప్రకారం ముంచి పోస్తారు.”

“ఈ పొద్దు ఎవరి వంతు?”

“యేసన్న కూతురిది. మాలపల్లె నుంచి వస్తాది.”

“ఏమయ్యోరా, మా పాప ఆ చేతి నీళ్ళు తాగాల్నా?”

“తాగాల. తన వంతు వచ్చినపుడు వాళ్ళకు పోయాల కూడా.”

“ఇంకో కడవ నేనే కొనిస్తా. పక్కన పెట్టు.”

“పెట్టను. కావాలంటే సర్కారు బడికి పంపించుకో.”

“ఆడపిల్ల మూడు మైళ్ళు యాడ నడుస్తాది? సరే, తాగనీ. మా యమ్మ అడిగితే మాత్రం, ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళే తాగినా అని చెప్పమను.”

“అబద్ధం నేను నేర్పనన్నా.”

“మా యమ్మ సంగతి నీకు తెలీదు. తెలిసిందంటే బిడ్డను వంటింట్లోకి రానీదు. పంచలో కూర్చోబెట్టి కూడు పెడ్తాది.”

“అందుకే ముందే చెప్తాండా.”

రైతు కడవ దగ్గరికి నడిచాడు.

“ఆ యేసన్న కూతుర్ని పిలువు.”

“ఆ పాపను ఏమన్నా అంటే ఊరుకోను.”

“అనేదేముంది? నా దోసిట్లో నీళ్ళు పోయమను. పంచలో నా బిడ్డ ఒక్కతే ఎందుకు కూర్చోవాల?”