కత్తిని కొట్టి కర్రు చేసేం

హలో… హలో! ఆ, నేనేనండీ, చోడవరం గణపతిరావుని… ప్లీడరు వేంకటరమణమూర్తిగారేనా?… అమ్మయ్య! గాయమండీ… సాయం కాదు బాబూ, గాయం! గా-యం!… గాయమైంది కాబట్టే సాయం, పోనీ రెండూ రాసుకోండి…

అరవొద్దా? అరవకపోతే ఈ తీగలో అనకాపల్లి దాకా ఎలా వినపడతాదండీ?… పోస్టాఫీసులోనే. పోస్టుమాస్టరుగారు చెవులు మూసుకున్నారు, నేను నోరు మూసుకోలేను కదా.

మా మేనల్లుడు దాసు… ఆ, వాడే. మా అక్క పోతా పోతా వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. ఆ చేత్తోనే మొన్న పరదేశి వేళ్ళు నరికేసేడండీ…

మూడు. కుడిచెయ్యి… బొటనవేలుంది, చిటికెనవేలుంది. మధ్యలో ఏటీ లేదు.

పేరుకే పరదేశి, మా ఊరోడే… ఎడ్ల గానుగ కాడ, వంతు తగువు. పరదేశి కొట్టిన చెరుకు ఎండిపోతంది, వంతూ వాడిదే. మావోడు అడ్డంగా తన ఎడ్లు కట్టేసేడు. పరదేశి కాడి పట్టుకుని వదల్లేదు. మావోడి చేతిలో చెరుకు నరికే కత్తి. వాడి కత్తీ వాడి, వాడి కోపమూ వాడి… పదునండీ, పదును!… ఒక్క ఏటు. కాడి మీదే. ఎడ్లు బెదిరి గానుగ తిప్పేసేయి. వేళ్ళు పిప్పిలో, రక్తం రసంలో… ఆ రోజు బెల్లం లేదు, అంతా పారబోసేం. పరదేశి తమ్ముళ్ళు బరిసెలట్టుకొచ్చేరు, మావాళ్ళు కర్రలు తీసేరు. ఒకడికి దవడ విరిగింది, ఒకడికి తల పగిలింది…

నేనే ఆపేను! ఆపి, రాజీ చేసేను. అదే కదండీ నా గోల! రాజీ అయిపోయింది, అయినా ఎస్సైగారొచ్చి సాయంత్రానికి దాసుని స్టేషన్లో దింపమంటన్నారు. ఆయనకి మీరొక్క మాట…

ఎలాగంటే, మా ఊరి పద్ధతే. ఏ ఇనుము కొట్టిందో ఆ ఇనుమే దెబ్బతిన్నోడి పొలం దున్నాలి. కత్తిని పసుపునీళ్ళతో కడిగేం. కమ్మరి కొలిమిలో పెట్టించి, సాగగొట్టించి, నాగలికి కర్రు చేయించేం. దాసుచేతే పరదేశికిప్పించేం. ఇకమీద వాడి పొలం వీడు దున్నాలి. పరదేశి ఎడంచేత్తో అందుకున్నాడు, ఊరంతా చూసింది. కత్తి కర్రు అయింది, కక్ష బుగ్గి అయింది…

హలో?… ఉన్నారా?… ఏటీ, మళ్ళీ అనండి…

సాక్ష్యమా? ఏది, కత్తా?… రక్తం కడిగింది నేనేనండీ. కొలిమిలో పెట్టమన్నదీ నేనే… నా మీద ఇంకో సెక్షనా?… మాయం చెయ్యడమేటండీ, కర్రుగా కళ్ళెదుట ఉంటే! రాజీకి రుజువని ఇక్కడికే తెప్పించేను. పరదేశి పెళ్ళాం సన్యాసమ్మ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

ఉండండి, నెమ్మదిగా… దెబ్బ పరదేశికి, కేసు సర్కారుదా? సర్కారుకి వేళ్ళు తెగలేదు కదండీ!… ఆ… ఆ… ఉత్త కర్రతో విరగ్గొడితే కోర్టువారి అనుమతితో రాజీ పడొచ్చు. కత్తితో తెగ్గొడితే… మూడువందల ఇరవయ్యారు… పరదేశి ఒప్పుకున్నా కుదరదా?… ఎన్నేళ్ళుంటాది?… అన్నేళ్ళా?!

ఒరే దాసూ, తలుపట్టుకు నిలబడకు. ఇలా బల్ల కాడికి రా.

మరి మేం ఇచ్చిన మాటో?… ఆ దున్నడం?… అది వేరా! చేతికి నష్టపరిహారమని పరదేశి వేరే దావా వేసుకోవచ్చా!… దావా మాట వింటే దవడలు పడిపోతన్నాయండీ. అటు జైలు, ఇటు దావా, మధ్యలో నా రాజీ బాజా…

ఆపరేటరమ్మా, టైమైపోయిందా? పొడిగించమ్మా, కట్ చెయ్యకు!

ప్లీడరు బాబూ, ఒక్క మాట. కత్తి ఎలాగూ లేదు. పరదేశే తాగొచ్చి గానుగలో చెయ్యి పెట్టేసేడనీ, గానుగే నలిపేసిందనీ చెప్పేస్తే?… ఊరు నా మాట దాటదండీ… తిట్టకండి! అబద్ధమే, కాదన్నానా? గానుగ జైలుకెళ్ళదు కదా, మావోడు వెళ్ళిపోతాడు! పరదేశి చెయ్యి ఎలాగూ పోయింది…

సన్యాసమ్మా, లేచేవేటే? కూకో… ఏటిన్నావు?… నీ మొగుణ్ణనలేదే… దాసూ, బల్ల మీంచి చెయ్యి తియ్యి! తియ్యరా —

ఒసే!

హలో… నేనేనండీ… కొట్టేసింది. ఆ కర్రుతోటే… కుడిచెయ్యే. నుజ్జయిపోయింది, ఎముక బయటకొచ్చేసింది. స్టాంపులన్నీ ఎర్రగా… పట్టుకోండ్రా దాన్ని! పోస్టుమాస్టరుగారూ, ఆ తువ్వాలిలా ఇవ్వండి!… ఒరే దాసూ, నన్ను సూడు. నా చెయ్యి పట్టుకో… అది కాదురా నాయనా, రెండోది.

ఏటంటందా?… ‘నా మొగుడు గానుగలో చెయ్యి పెట్టేసేడు కదా, నీ మేనల్లుడు పోస్టుముద్ర కింద పెట్టేసేడని సెప్పు గణపతి బాబూ’ అంటంది.

బయట మావాళ్ళు కర్రలు తీసేరండీ… ఉండండి, ఫోను పెట్టీకండి —

ఒరే, ఆగండ్రా! బంగార్రాజూ, దాని జుట్టు వొదులు! అందరూ ఇటినండి! రాజీ అయితే కేసు పోతాదని మీకు సెప్పింది నేను. అది కాదట! తగువు మనది, కేసు సర్కారుది. మనం మనం కావిలించుకున్నా సర్కారు మనల్ని కావిలించుకోదు. నరికినందుకు దాసు మీద కేసు. చెయ్యి పోయినందుకు పరదేశి దావా. రక్తం కడిగినందుకు నా మీద ఇంకో సెక్షను. ఇప్పుడీ ఆడదాని మీద కర్రెత్తినోడికి ఇంకోటి! నేరం గానుగ మీద తోసేద్దామన్నది దాసు కాదు, నేను. కొట్టాలంటే నన్ను కొట్టండి… కింద పెట్టు. నువ్వూ పెట్టరా.

… ఆ, ఉన్నానండీ. ముందు ఆస్పత్రి. సాయంత్రానికి నేనే తీసుకెళ్తాను వాణ్ణి… సన్యాసమ్మ తరఫున కోర్టులో మీరు నిలబడండి… అవునండీ, దానికే. దాసుకా? దాసుకి నేనున్నాను…

ఎవడ్రా ఆ చెంబు తెచ్చేడు? కర్రు మీద నీళ్ళు పొయ్యకు! కడక్కురా! అలాగే ఉండనీ!… ఉంటానండీ.