గెర్షోన్ వంతు కాపలా

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి బాలత్రిపురసుందరి గారు కెనడాలోని వాన్ నగరంలో ఉన్న మా చరిత్ర ప్రచురణ కార్యాలయంలో 2003 సెప్టెంబర్ 8, సోమవారం నాడు ప్రూఫ్ రీడర్‌గా చేరారు. ఈ తేదీని ఆవిడే స్వయంగా రెండుసార్లు సరిచూశారు గనుక నిర్భయంగా ముద్రిస్తున్నాము. అంతకుముందు కాల్గరీలో ఒక చమురు సంస్థ నివేదికలను జల్లెడ పట్టిన ఆ చూపు, ఇక్కడ ఊళ్ళ చరిత్రల మీద, సంఘాల చరిత్రల మీద, అప్పుడప్పుడు మా సెలవు చీటీల మీద కూడా నిర్దాక్షిణ్యంగా ప్రసరించింది. 2011లో వాస్తవ పరిశీలన విభాగానికి అధిపతి అయిన నాటినుండి మా రచయితలకు కంటిమీద కునుకు లేదు.

ఆ అనుమానపు చూపుకు అసలైన పరీక్ష మూడేళ్ళ క్రితం వచ్చింది. ఇజ్రాయెల్‌లో, సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న కిబ్బుట్జ్ చరిత్రను, అక్కడ యౌవనం గడిపి ఇక్కడ స్థిరపడిన వృద్ధులు మా చేత రాయించుకున్నారు. పొలం, వంట, పిల్లల పెంపకం, కాపలా అన్నీ ఉమ్మడిగా, వంతులవారీగా సాగిన పల్లె అది. ఒక వేసవి మధ్యాహ్నం సరిహద్దు గుట్ట మీద గడ్డి అంటుకుంటే, కాపలా ఉన్నవారు గంట కొట్టి పిల్లలందరినీ కాపాడారట. చిక్కేమిటంటే, ముగ్గురు వృద్ధులు విడివిడిగా "ఆ గంట కొట్టింది నేనే" అన్నారు.

సుందరిగారికి ఒళ్ళు మండింది. "రవీ, ఇద్దరు పక్కా ఫ్రాడ్. ముగ్గుర్నీ ఒకే రూమ్‌లో కూర్చోబెట్టు, తేల్చేస్తా. తేలకపోతే ముగ్గుర్నీ బుక్‌లోంచి తీసేస్తా," అని సహోద్యోగి రవిశంకర్‌తో అన్నారు.

కూర్చోబెట్టారు. ఒకరు కథ మొదలుపెడితే, మరచిన చోట మరొకరు అందుకున్నారు. ఎవరూ ఎవరినీ కాదనలేదు. ముందే కూడబలుక్కుని వచ్చారని ఆవిడ అనుమానం మరింత గట్టిపడింది.

"ఒక్క గంటని ముగ్గురెలా కొడతారండీ?" అని నిలదీశారు.

వారిలో పెద్దావిడ జిపోరా బదులిచ్చారు. "కొట్టింది గెర్షోన్. మంటల్లోంచి తిరిగి రాలేదు. భార్యాపిల్లలు లేరు, తలుచుకునేవాళ్ళు లేరు. మా దగ్గర ఎవరైనా పనికి రాలేకపోతే వాళ్ళ వంతు మిగతావాళ్ళం చేస్తాం. ఆ రోజు సంగతి అతని మాటగా, అతని బదులు మేం చెబుతున్నాం. మా తర్వాత చెప్పడానికే ఎవరూ లేరు."

సుందరిగారు అక్కడే అందరి ముందూ ఏడ్చేశారు. గెర్షోన్ పేరు అచ్చువేయించారు. ముగ్గురి మాటలనూ అక్షరం మార్చకుండా ఆ పేరు పక్కనే ఉంచారు. ఆ ముగ్గురిలో చివరిగా మిగిలిన జిపోరా నిరుడు కన్నుమూశారు.

గత వారం, కొత్తగా చేరిన ఇషిత ఆ పుస్తకం అట్ట మీది గంట బొమ్మ చూసి "ఈ బెల్ ఏంటి ఆంటీ?" అని అడిగింది.

రుజువు లేని మాట ఎన్నడూ పలకని సుందరిగారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "మంచి ఎండాకాలం. గుట్ట మీద పొగ లేచింది. ఆ రోజు కాపలా నాదే. పరిగెత్తుకెళ్ళి బెల్ కొట్టా."

గదిలో ఉన్న మేమెవ్వరమూ అనుమానం వ్యక్తం చేయలేదు.

ఆవిడకు కార్యాలయపు పని తీరిపోయింది గానీ ఆ వంతు తీరలేదు. అందుకు కావలసిన దీర్ఘాయువు, ఆరోగ్యం, అడిగి వినేవాళ్ళు ఆవిడకు పుష్కలంగా లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.